నాలుగో నిమ్మకాయ

బోణీ కాకముందే ఆ మనిషి వచ్చి, షాపు ముందున్న పాత టైరు మీద కూర్చున్నాడు.

మాసిన పంచె, చంకలో సంచి, నెరిసిన గడ్డం. అచ్చంపేట బస్సు దిగినవాడిలా ఉన్నాడు.

ఎల్లేశానికి ఒళ్లు మండింది. జడ్చర్ల చౌరస్తాలో టైర్లమ్మి తల నెరిసినవాడు. పొద్దున గడపలో ఎవరు అడుగుపెట్టారో చూసి, సాయంత్రం గల్లా ఎట్లుంటుందో చెప్పగలడు.

“ఏయ్, లే. ఇది బస్టాండు గాదు.”

“కాళ్లు గుంజుతున్నయ్ సేటు. జరసేపు కూసుంట.”

ఎల్లేశం టైరును కాలితో తన్నాడు. మనిషి దొర్లిపడ్డాడు. మట్టి దులుపుకుని మళ్లీ అక్కడే కూర్చున్నాడు.

మెడపట్టి గెంటేవాడే. ఇంతలో నవీన్ కారు వచ్చి ఆగింది.

అది ఒకప్పుడు దొరలు తిరిగిన ఇంపాలా. పడవంత పొడుగు. ప్లాట్ల వ్యాపారంలో పైకొచ్చిన నవీన్ దాన్ని కొన్నాడు. తమ్ముడి పెళ్లి బరాత్ కోసం రంగులేయించాడు. ఇక మిగిలింది చక్రాలే.

బరాత్‌లో ఆ కారు మెరిసిందా, జిల్లా అంతా ఎల్లేశం షాపు అడ్రసు అడుగుతుంది. నవీన్‌కు నచ్చలేదా, ఎదురు షాపువాడు నవ్వుతాడు.

“గీ రేకు చక్రాలు పీకెయ్ కాక. జీపుకున్నట్టు పెద్దయి ఎయ్యి.”

అలాంటి బండికి తెల్లపట్టీ టైర్లూ, చక్రాల నడుమ మెరిసే గిన్నె మూతలే అందం. ఎత్తు పెంచితే నడక చెడుతుంది. ఎల్లేశానికి ఆ సంగతి తెలుసు. కొనేవాడి ముచ్చటకు అడ్డంపడితే అమ్మేవాడి పొయ్యి వెలగదనీ తెలుసు.

“నీ ముచ్చటనే నా ముచ్చట బిడ్డా,” అన్నాడు.

షాపులో పనిచేసే సాల్మన్ చక్రాల మీది రేకుల అంచులు కోశాడు, స్ప్రింగుల కింద దిమ్మలు పెట్టాడు, పెద్ద చక్రాలు బిగించాడు. జాకీ దించేసరికి కారు మూరెడు ఎత్తున లేచి నిలబడింది.

“ఇగ దీని కిందికెల్లి మేకపిల్ల పోతది,” అన్నాడు సాల్మన్ చేతులు తుడుచుకుంటూ.

“పోనీ తియ్. మంది జూడాలె, గంతే,” అని నవీన్ నవ్వాడు.

ఆ మనిషి ఇంకా పోలేదు. ఎల్లేశం మనవరాలు అక్షిత, బడిలేక షాపుకొచ్చిన పిల్ల, అతని పక్కన చేరి సంచిలో ఏముందని అడుగుతోంది.

“అక్షితా, ఇటు రా. గసొంటోళ్లతోని ముచ్చట్లేంది?”

పిల్ల వెంటనే లేచి వచ్చింది. తాత నోట్లోంచి మాట పడితే చాలు, చేసేస్తుంది.

నవీన్ మనుషులు డప్పులతో దిగారు. కర్పూరం వెలిగింది. కొబ్బరికాయ పగిలింది. ఒక్కో చక్రం ముందు ఒక్కో నిమ్మకాయ పెట్టారు. నాలుగోది నిలవక కారు కిందికి దొర్లింది.

“నిమ్మకాయ కిందికి పోయింది, ఎవలన్న తీయుండ్రి,” అని అరిచి ఎల్లేశం ఫోన్లు పట్టుకున్నవాళ్ల వైపు తిరిగాడు. ఫోటోలో షాపు బోర్డు పడాలి.

డప్పులు అందుకున్నాయి. నవీన్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఇంజన్ గుర్రుమంది.

పాత టైరు మీద నుంచి ఆ మనిషి ఒక్క దూకు దూకాడు. ముందు చక్రానికి అడ్డంగా పడి, రెండు చేతులతో దాన్ని వాటేసుకున్నాడు. ఏదో అరిచాడు. డప్పుల్లో ఎవరికీ వినపడలేదు.

చక్రం అతని కాలు నలిపి ఆగింది.

“పైసల కోసం పడ్డడు,” అన్నాడొకడు. “మొన్న టోల్‌గేట్ కాడ గిట్లనే ఒకడు లారీ కింద పడి పైసలు గుంజిండు.”

ఎల్లేశం లెక్క అక్కడే తేలిపోయింది. పొద్దున్నుంచీ వీడు కాచుకు కూర్చున్నది ఇందుకే. వీల్ స్పానర్ తీసుకుని నోటి మీద కొట్టాడు.

పళ్లతోపాటు మాట కూడా పోయింది. నెత్తురు బుడగలు తప్ప ఇంకేం రాలేదు.

తర్వాత అందరూ తలా ఒక తన్ను వేశారు. డప్పులు ఆపమని ఎవరూ చెప్పలేదు.

ఆ మనిషి ఒక చెయ్యి వదిలి కారు కిందికి చూపించాడు.

“టైరు దిక్కు చూపిస్తుండు. టైరు గావాల్నారా నీకు?” ఎల్లేశం ఆ చేతి మీదా కొట్టాడు. విరిగిన చెయ్యి మళ్లీ వెళ్లి చక్రాన్నే పట్టుకుంది.

“వాన్ని పక్కకు గుంజుతరా, బండి ఎక్కియ్యాల్నా?” పైనుంచి నవీన్ అరిచాడు.

“ఆగు బిడ్డా, అయిపోయింది.”

“సేటు, సస్తడేమో,” అన్నాడు సాల్మన్.

“సావనీ. గిసొంటోడు సస్తే ఎవనికి నష్టం?”

దెబ్బలు పడ్డాయి. కాసేపటికి ఆ మనిషి తల మట్టిలోకి వాలింది. సాల్మన్ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

“ఊపిరి లేదు సేటు.”

డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నవీన్ ఇంజన్ ఆపి, కారు దిగి, గుంపు వెనక్కి జరిగాడు.

చేతులు మాత్రం చక్రాన్ని వదల్లేదు.

“ఏం పట్టు పట్టిండురా,” అని గొణుగుతూ, ఆ వేళ్లు విప్పడానికి ఎల్లేశం మోకాళ్ల మీద వంగాడు.

కారు కింద, వెనక చక్రం ముందు చెవులు మూసుకుని ముడుచుకుపడుకున్న అక్షిత, తాత ముఖం కనపడగానే, పొట్ట కింద దాచిన నిమ్మకాయను తీసి అతని వైపు చాపింది.