పదిహేను రూపాయల బొక్కపైస

"ముట్టకు! తడి చేతులు!" అని అరిచి, రామ్‌చందర్ నడుమ చిల్లున్న నాణేన్ని భూతద్దం కిందికి లాక్కున్నాడు.

ఛత్రినాకలోని ఆ వంటింటి రేకుల్లోంచి వాన కారుతోంది. భార్య రుక్మాబాయి పప్పుగిన్నెను పక్కకు జరిపింది.

"గీ బొక్కపైసకు పదిహేను రూపాయలు వెట్టినవా? దేనికి పనికొస్తదయ్యా ఇది?"

"నీకేమెరుక! నిజాం జమానాది. నయాపూల్ కాడ పాత పైసలమ్మే గుండయ్య సేటు నాకని దాచిపెట్టిండు. అంచుకు నొక్కు చూసినవా? టంకశాల గురుతంట. గిసొంటిది దునియాల ఇదొక్కటేనంట!"

నొక్కు మాట వినగానే రుక్మాబాయి తడి చేతులతోనే నాణేన్ని లాక్కుని వెలుతురుకు పట్టింది.

"నిజమే, ఇదొక్కటే. ఇది మీ బాపు సుత్తె దెబ్బ. రేకులు బిగించేటప్పుడు వాషర్లు దొరక్క, మొలలకు గీ పైసలే ఎక్కిచ్చిండు. మొన్న గాలికి ఇదొకటి ఊడి కింద వడ్డది. పాతసామానోనికిస్తే రెండు ఉల్లిగడ్డలిచ్చిండు."

రామ్‌చందర్ తలెత్తి కప్పు వైపు చూశాడు. వాన చుక్క ఒకటి సరిగ్గా ముక్కు మీద పడింది. దాన్ని తుడుచుకుంటూ మెల్లగా అడిగాడు.

"పైన ఇంకెన్ని ఉన్నయే?"

రుక్మాబాయి సుత్తె, మొల, ఆ నాణెం అతని చేతిలో పెట్టింది.

"ఎక్కి చూసుకో. ముందుగాల దీన్ని దాని జాగల కొట్టు."

వానలో తడుస్తూ రామ్‌చందర్ కసిగా కొట్టాడు. కారడం ఆగింది. కింద నుంచి కేక వినిపించింది.

"పనికొచ్చిందయ్యా! ఇగ చాలు. ఇంకో నొక్కు వడ్డదంటే గుండయ్య సేటు ముప్పై అడుగుతడు!"