ఆదివారం తర్జుమా

"దేవుడు మన భారాలన్నీ మోస్తాడు" అని చెప్పి పాస్టరుగారు ఆగాడు. పక్కన నిలబడ్డ భార్య ఆ మాటను ఆ ఊరి భాషలోకి తర్జుమా చేయాలి.

"నేను మొండివాణ్ణి. ఇంట్లో ఎప్పుడూ నా మాటే నెగ్గాలి" అని చెప్పిందామె, అచ్చం ఆయన నిదానంతోనే.

ముందు బెంచీలో కూర్చున్న కుట్టుపని ముసలమ్మ అయ్యో పాపం అన్నట్టు తలూపింది.

ఏడేళ్లుగా ఇదే తంతు. సువార్త చెప్పడానికి పరాయి దేశం వచ్చిన ఈ దంపతుల్లో భాష ఆమెకే వంటబట్టింది. ఆయన ఒక మాస్టారి దగ్గర ఆర్నెల్లు కుస్తీ పట్టి, "నాకు నోరు తిరగడం లేదు, నువ్వే చూసుకో" అని చేతులెత్తేశాడు. కూరగాయల బేరం నుంచి ప్రసంగం దాకా ఆయన నోరు ఆమే. సాయంత్రమైతే వెళ్లి బార్బరు షాపు బల్ల మీద మొద్దులా కూర్చుని వచ్చేవాడు.

ఆ నోటితోనే ఆమె కసి తీర్చుకుంటోంది. కారణం వాళ్ల పాప.

అప్పటికి నాలుగేళ్ల పిల్ల. ఒళ్లు కాలిపోయే జ్వరం. ఆస్పత్రి అరవై కిలోమీటర్ల దూరం. ఉన్నది ఒకే ఒక్క జీపు. ఆయనేమో కొండ అవతల మూడు రోజుల ప్రార్థన కూటాలు ఒప్పుకున్నాడు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏవండీ, ఈ ఒక్కసారికి మానేయండి."

"దేవుడి పని మీద పోతున్నా. పాపను దేవుడే చూసుకుంటాడు" అంటూ ఆమెను పక్కకు జరిపి జీపెక్కాడు. ఆయన తిరిగొచ్చేసరికి పాపను పెట్టెలో పడుకోబెట్టి ఉంచారు.

ఆయన ఏడ్చాడు. మోకాళ్ల మీద పడి ప్రార్థన చేశాడు. 'దేవుడి చిత్తం' అన్నాడు. 'తప్పు నాది' అని మాత్రం అనలేదు. రెండంటే రెండు ముక్కలు. అవి ఆయన నోట వినాలని ఆమె పడిగాపులు పడింది. ఎదురుగా నిలదీస్తే లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

సమాధి చేశాక వచ్చిన ఆదివారం ఆయన దేవుడి చిత్తం మీదే ప్రసంగం ఎత్తుకున్నాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా భార్య కాళ్లావేళ్లా పడినా వినలేదు. జీపు తీసుకుని పోయాను. తప్పు నాది" అని తర్జుమా చేసి పారేసింది.

చర్చిలో సంఘమంతా గొల్లుమంది. ఆ ఏడుపులు విని ఆయన కళ్లు మూసుకున్నాడు. ప్రసంగం పండిందని మురిసిపోతున్నాడు కాబోలు అనుకుని, అంత దుఃఖంలోనూ ఆమె లోలోపల నవ్వుకుంది.

ఆ రుచి మరిగింది. ఆయన ఏ వాక్యం ఎత్తుకున్నా సరే, వేదిక దిగేలోపు ఆయన పేరు మీద ఆ రెండు ముక్కలూ చెప్పాల్సిందే. మధ్యలో కాస్త కొసరు కూడా వడ్డించేది. పిసినారిననీ, ఇల్లెగిరిపోయేలా గురకపెడతాననీ, తాగిన గ్లాసు కూడా తీయననీ ఆ పెద్దమనిషి అంతమంది ముందు ఒప్పేసుకున్నాడు.

ఒక్కటే చిక్కొచ్చి పడింది. జనం ఆయన్ని ఛీకొట్టాల్సింది పోయి నెత్తిన పెట్టుకున్నారు. ఇంత నిజాయితీ గల పాస్టర్ని పుట్టి బుద్ధెరిగాక చూడలేదట. ఆరాధన అయ్యాక వరుసకట్టి మరీ ఆయన చేతులు పట్టుకునేవాళ్లు. ఆమె పళ్లు నూరుకునేది.

మిషన్ ఆఫీసువాళ్లు ఒకసారి తర్జుమాకు వేరే మనిషిని పంపుతామన్నారు. ఆయన ససేమిరా అన్నాడు. ఆమెకు గొంతు పడిపోయిన వారమైతే ఏకంగా ఆరాధనే మానేయించాడు.

"నువ్వు చెప్పకపోతే నాకు కుదరదు" అన్నాడు.

ఎంత మొండివాడైనా నేను లేందే అడుగు పడదు కదా అని ఆమె లోపల విర్రవీగింది.

ఇవాళ వాళ్లకు ఆ ఊళ్లో ఆఖరి ఆదివారం. మిషన్ వెనక్కి పిలిచింది. సొంత దేశంలో ఆయన మాట అందరికీ అర్థమవుతుంది. తర్జుమాతో పనే ఉండదు. కసి తీర్చుకునే దారి ఇవాళ్టితో సరి. అందుకే పొద్దున టీ గ్లాసు అందిస్తూ అడిగింది.

"ఇవాళ ఏం చెప్పబోతున్నారు?"

"పెద్దగా ఏం లేదు. నువ్వు నిదానంగా చెప్పు. తొందరేం లేదు."

ఇప్పుడాయన రెండో వాక్యం కూడా ముగించాడు. ఎప్పటిలాగే చేతులు కట్టుకుని, తల వంచుకుని, ఆమె చెప్పడం అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాడు.

ఆమె ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని సంగతి బయటికి తీసింది. "ఆఖరి రోజున బయట చిన్న చప్పుడైనా నా కూతురు కళ్లు తెరిచి, 'నాన్న జీపేనా?' అని అడిగింది. వాళ్లమ్మ ప్రతిసారీ అవునని అబద్ధమాడింది. ఆ జీపు ఇంటి ముందుంటే నా బిడ్డ బతికేది. తప్పు..."

ఏడేళ్లుగా అలవోకగా అనేసిన మాటే. ఇవాళ నోరు పెగల్లేదు. సంఘమంతా ఎదురుచూస్తోంది. పెదవి కొరుక్కుని మళ్లీ ఎత్తుకుంది.

"తప్పు..."

మిగిలిన ఆ ఒక్క ముక్కనూ, వంచిన తల ఎత్తకుండానే, ఆ ఊరి భాషలోనే, ఆ ఊరి యాసతో సహా ఆయన పూర్తి చేశాడు.