అరిచి చూడండి

"ఈ కిటికీలోంచి ఎండ వేడి రాదు, చలి రాదు, వెలుగొక్కటే వస్తుంది. రెండద్దాల మధ్య జెల్లు ఉంది సార్, నీళ్లలా తేటగా ఉంటుంది, కంటికి కనపడదు," అన్నాడు అద్దాల మేస్త్రీ.

"మరి చప్పుడు?" అడిగాడు ఇంటాయన.

"లోపలి మాట లోపలే. అమ్మగారిని గదిలోంచి అరవమనండి, మనం బయట నిలబడి చూద్దాం."

పరీక్షకు తాళం అక్కర్లేదని మేస్త్రీ చెప్పేలోపే, ఇంటాయన భార్యను గదిలో ఉంచి తాళం వేసేశాడు. అలవాటు పడ్డ చెయ్యి.

ఇద్దరూ బయటి నుంచి కిటికీ ముందుకొచ్చారు. ఇరవయ్యేళ్లుగా ఈ పరీక్షలో జనం పాటలు పాడారు, మేస్త్రీనే తిట్టినవాళ్లూ ఉన్నారు. పెదాలు చూసి చూసి అతనికి మాట పోల్చుకోవడం వచ్చేసింది.

ఆవిడ అరవలేదు. అద్దం దగ్గరకొచ్చి, మేస్త్రీనే చూస్తూ, చంటిపిల్లకు మాటలు నేర్పినట్టు పెదాలు కదిపింది. రెండుసార్లు.

"తలుపు తీయించండి," అంటున్నాయి ఆ పెదాలు.

"ఒక్క ముక్క వినపడితే ఒట్టు! భేషైన పని," అన్నాడు ఇంటాయన.

తన పనికి తనే వంక పెట్టుకోవడం మేస్త్రీకి ఇదే మొదలు.

"నాకు వినపడింది సార్. ఈ అద్దం పనికిరాదు, లోపలి నుంచి ఊడదీయాలి. ఆ తాళంచెవి ఇలా ఇవ్వండి."