గిన్నె మూతల మోత

టెస్ బంతి వదలబోతుండగా బాస్కెట్ వెనకాల ధన్‌మని మోగింది.

బంతి అంచుకు తగిలి పక్కకు పోయింది.

"పోయిందోచ్!" అని అరిచాడు ముసలాయన, రెండు చేతుల్లో రెండు గిన్నె మూతలతో.

వారం రోజులుగా ఇదే గోల. ఎవరో తెలియదు, ఎక్కడి నుంచి వచ్చాడో తెలియదు. ప్రాక్టీసు మొదలవగానే బాస్కెట్ వెనక తిష్ఠ వేస్తాడు. టెస్ గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డుకోని ఫ్రీ త్రో వేస్తే చాలు, చెవులు చిల్లులు పడేలా వాయిస్తాడు.

"మళ్లీ వెయ్యమ్మా. ఈసారీ పోతుందిలే!"

టెస్‌కి ఒళ్లు మండిపోయింది.

"నన్నెవరనుకున్నావ్? వెండెల్ అనుకున్నావా?"

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్లో అంతకు మించిన తిట్టు లేదు. పాలగ్లాసు జారవిడిచినా, వచ్చిన ఉద్యోగం పోగొట్టుకున్నా 'వెండెల్' అంటారు. ఎప్పుడో బాస్కెట్‌బాల్ ఫైనల్లో ఆఖరి ఫ్రీ త్రో పోగొట్టి, ఊరికి కప్పు దక్కకుండా చేసిన కుర్రాడి పేరది. అప్పటి నుంచి మళ్లీ ఫైనల్‌కి వెళ్తున్నది టెస్ జట్టే.

ముసలాయన మూతలు ఒళ్లో పెట్టుకున్నాడు. మరి మోగించలేదు.

"కోచ్, ఆయనుంటే నేను ఆడను" అంది టెస్.

కోచ్ ఏదో చెప్పబోయి ఆగింది. వెళ్లి ఆయనతో మాట్లాడింది. ఆయన తలూపి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఫైనల్లో ఆట ముగిసే క్షణానికి ఒక్క పాయింటు వెనకబడ్డారు. టెస్‌కి రెండు ఫ్రీ త్రోలు దక్కాయి, పడితే ఒక్కోదానికి ఒక్కో పాయింటు. ఇక అంతా ఆమె చేతుల్లోనే ఉంది.

బాస్కెట్ వెనక అవతలి ఊరి జనం ఒక్కుమ్మడిగా లేచారు. డ్రమ్ములు, ఈలలు, కేకలు.

"పోతుంది! పోతుంది!"

టెస్‌కి నవ్వొచ్చింది. వీళ్లందరి కంటే ఆ ముసలాయన ఒక్కడే ఇంకా గట్టిగా వాయించేవాడు, ఆ మోత ముందు ఇదెంత?

మొదటిది పడింది.

రెండోదీ పడింది!

మర్నాడు జట్టును ఫైరింజను మీద ఊరేగించారు. ఊరు ఊరంతా వీధిలోనే ఉంది. పెద్ద పెద్ద మగవాళ్లు సిగ్గుపడకుండా ఏడుస్తున్నారు. టెస్ గర్వంతో ఉప్పొంగిపోతూనే జనంలో ఒక టోపీ కోసం వెతుకుతోంది.

"కోచ్, ఆ మూతల తాత ఏడీ? ఆయన్ని కూడా పైకి ఎక్కించాలి!"

"నువ్వు వద్దన్న రోజే బస్సెక్కి వెళ్లిపోయాడమ్మా."

"అయ్యో! పేరైనా చెప్పండి, ఎక్కడున్నా వెతికి పట్టుకుంటాను."

"మనం గెలిచేదాకా ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు."

కోచ్ కళ్లు తుడుచుకుని, కప్పును టెస్ చేతుల్లో పెట్టింది.

"ఇక చెప్పొచ్చు. ఆయనే వెండెల్."