కేకు తిన్న రోరీ

వేయి పేర్లలో ఏ పేరుతో పిలిచినా పలికే స్వామికి వందనం. ఒక్క పేరుతో పిలిస్తే తొమ్మిదిమంది పలికే ఊరి కథను ఆయన సన్నిధిలో విన్నవిస్తున్నాను.

బిషప్పుగారి కోసం చేసిన ఖర్జూరం కేకు శనివారం ఉదయం పది గంటలకు మాయమైంది.

దొంగ ఎవరో తెలియలేదు గాని, దొంగ పేరు తెలిసింది. ఫాదర్ గిల్లిస్ ఇంట్లో వంటచేసే ఎఫీ ఆ సమయాన పెరట్లో దుప్పట్లు ఆరవేస్తున్నది. వంటింట్లోనుంచి గుసగుస వినబడింది.

“రోరీ, ఒక్క ముక్కే సుమా! రోరీ, సిగ్గులేదురా నీకు? సరే, ఇంకొక్క ముక్క.”

ఆమె తడిచేతులతో పరుగెత్తుకొచ్చేసరికి వంటిల్లు ఖాళీ, పళ్లెమూ ఖాళీ.

మరో ఊళ్లో అయితే పేరు తెలిసిన క్షణమే దొంగ దొరికినట్టు. కేప్ బ్రెటన్ తీరాన ఉన్న ఆ జాలరుల ఊళ్లో మాత్రం పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం ఆనవాయితీ. తాతలందరూ రోరీలే. అందువల్ల పొడుగు రోరీ, ఎర్ర రోరీ, వలల రోరీ, గురక రోరీ, ఇలా మొత్తం తొమ్మిదిమంది తేలారు. అందరిలోకీ చిన్నవాడు, పదకొండేళ్లవాడు, కొస రోరీ.

కొస రోరీకి ఊహ తెలిసినప్పటినుంచీ ఆ పేరుతో పేచీయే. తల్లి వాకిట నిలబడి భోజనానికి పిలిస్తే నలుగురు వచ్చి బల్లముందు కూర్చునేవారు. బడిలో కిటికీ అద్దం పగిలి ఎవరో “రోరీ!” అని అరిస్తే పెద్ద రోరీలందరూ పరుగు లంకించుకునేవారు, బెత్తం పొట్టికాళ్లవాడికే అందేది.

ఆ బాధ మర్నాటితో తీరవలసి ఉంది. ఆదివారం నాడు బిషప్పుగారు పిల్లల నుదుట పవిత్ర తైలం పూసి, ఎవరికి వారు కోరుకున్న పునీతుని పేరును కొత్తగా అనుగ్రహిస్తారు. కొస రోరీ ఏడాదిపాటు వెతికి వెతికి ఒక పేరు పట్టాడు: బార్తొలొమ్యూ. తీరం పొడవునా ఇంకొకడికి లేని పేరు! ఇకమీదట తనను అందరూ అలాగే పిలవాలని ఇంటింటికీ తిరిగి ముందుగానే చెప్పి వచ్చాడు.

మధ్యాహ్నం మూడింటికి ఎఫీ ఆ కాబోయే బార్తొలొమ్యూను చెవి పట్టుకుని తెచ్చి ఫాదర్ ఎదుట నిలబెట్టింది.

“తక్కిన ఎనిమిదిమందీ తెల్లారకముందే రొయ్యల వేటకు పోయారు ఫాదర్. గట్టుమీద మిగిలిన రోరీ వీడొక్కడే. ఒరేయ్, పదింటికి ఎక్కడున్నావురా?”

“మా కొట్టంలో పెద్దమ్మా. కొత్త పేరు వందసార్లు పైకి చెప్పుకుంటున్నా.”

“సాక్షి ఎవరు?”

“మా ఆవు.”

“దాని పేరూ రోరీయేనా?”

ఫాదర్ గొంతు సవరించుకున్నారు. “వదిలెయ్ ఎఫీ. కేకే కదా! వీడు తిని ఉండడు.”

“మీకెలా తెలుసు?”

“నా అంతరాత్మ చెబుతోంది.”

“మీది వెన్నలాంటి మనసు ఫాదర్. చూడరా దొంగవెధవా, ఆ దిగులుతో ఫాదర్ మధ్యాహ్నం భోజనం కూడా ముట్టుకోలేదు! నేను మాత్రం ఊరుకోను. దొంగకేకు కడుపులో పెట్టుకున్నవాడి నుదుట తైలం పూస్తారా? సాయంత్రం బిషప్పుగారు కారు దిగగానే నేనే చెబుతా. నీకు కొత్తపేరూ లేదు, గిత్తపేరూ లేదు. ముసలాడివయ్యేదాకా కొస రోరీవే!”

పిల్లవాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. “పెద్దమ్మా, ఏడాదిపాటు నీకు కట్టెలు కొట్టి పెడతా. నేను తినలేదు. అయినా కొడతా. ఆ పేరు మాత్రం పోగొట్టకు.”

“నేనొక మాట…” అంటూ ఫాదర్ లేచారు. ఎఫీ చేతిలోని గరిటె చూసి మళ్లీ కూర్చున్నారు.

సాయంత్రానికి ఊరు ఊరంతా చర్చి వాకిట చేరింది. వేటనుంచి తిరిగివచ్చిన ఎనిమిదిమంది రోరీలు చేపల వాసనతోనే వరుసగా నిలబడ్డారు. ఎర్ర రోరీ పక్కకు వంగి, “నిజం చెప్పరా కొసా, ఎలా ఉంది కేకు?” అని అడిగాడు.

“నేను తినలేదన్నా!”

“అంత బాగుందా!” అన్నాడు పొడుగు రోరీ, గుటక వేస్తూ.

నల్లని కారు వచ్చి ఆగింది. బిషప్పుగారు కాలు కింద పెట్టీ పెట్టకముందే ఎఫీ పిల్లవాడి చొక్కా పట్టుకుని ముందుకు ఉరికింది. “అయ్యగారూ, తమకోసం చేసిన కేకును మా ఊరి రోరీ ఒకడు…”

ఆ పేరు చెవిన పడగానే బిషప్పుగారి ముఖం పున్నమి చంద్రుడిలా వెలిగింది. “రోరీయా! ఏడీ, ఏడీ వాడు?”

తొమ్మిదిమందీ అలవాటుకొద్దీ ఒక్క అడుగు ముందుకు వేశారు.

బిషప్పుగారు పొడుగు రోరీని దాటారు, ఎర్ర రోరీని దాటారు, కొస రోరీ తల నిమిరి వాడినీ దాటారు; వెనక గోడకు అతుక్కుని నిలబడిన ఫాదర్ గిల్లిస్‌ను రెండు చేతులా కౌగిలించుకుని, ఊరంతా వినేలా అన్నారు: “ఏరా రోరీ! నాకోసం చేయించిన కేకు ఈసారైనా మిగిల్చావా, సెమినరీలో మనం ఫాదర్ చదువు చదివేటప్పటిలాగా నువ్వే లాగించేశావా?”

ఈ కథ విన్నవారి మీది నిందలన్నీ ఇంత తేలికగానూ తొలగుగాక. వారినందరినీ ఆ స్వామి వారి వారి పేర్లతో ఎరుగుగాక.