మడత మార్చిన చీర

వచ్చే వారమే చర్చిలో లీలారాణి కూతురు శాంతి పెళ్లి. నాయనమ్మ తెల్ల పట్టుచీరే కడతానని పిల్ల పట్టుబట్టింది. పట్టు ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉంటే ఆ గీత వెంబడే చిరిగిపోతుంది. అందుకే అత్తగారు ఏటా మడత మార్చేది. "ఆ కొస పట్టుకోయే లీలా. పట్టుసీర ఒక్క మనిషికి మడత పడదు," అని కోడల్ని కేకేసేది. ఆవిడ పోయాక లీలారాణి ఆ చీర ఉన్న ట్రంకుపెట్టె ముట్టుకోలేదు.

శాంతి రాజాం వెళ్లింది. ఇంట్లో ఒక్కతే ఉన్న లీలారాణి, చీకటిపడ్డాక, భయంభయంగా తాళం తీసింది.

చీర చిరగలేదు. మడత మారి ఉంది. అచ్చం అత్తగారు వేసినట్టే, అంచు లోపలికి తిప్పి ఉంది. పొరల మధ్య వేపాకు ఇంకా పచ్చగానే ఉంది.

లారీతో సాలూరులో ఉన్న భర్తకు ఫోన్ చేసింది.

"మావా, మీ అమ్మ పెట్టె నువ్వు తీసావేటి?"

"తాళంచెవి నీ మెళ్లోనే ఉన్నాది కదే. నేనెలా తీస్తాను?"

ఫోన్ పక్కన పెట్టింది. పెళ్లి చీర, చూడక తప్పదు. మెల్లగా విప్పింది. రెండో కొస జారి, గడప దాటి, అవతలి చీకటి గదిలో పడింది. ఎక్కడా చిరుగు లేదు. ఇక చాలనుకుని చీరను తనవైపు లాక్కుంది.

రాలేదు.

గదిలో అలికిడి లేదు. పట్టు ఒక్కటే సన్నగా కిర్రుమంది. చీర నేల మీంచి నెమ్మదిగా లేచింది. నడుమెత్తున బిగుసుకుని ఆగింది, మడతకు సిద్ధంగా.