పాల గిన్నె కింద ప్రాసెసర్

కంప్యూటర్ పెట్టె పాడైన వారం నుంచీ నూకరత్నం ఇంట్లో పెరుగు తోడుకోవడం లేదు. లంబసింగి చలికి అక్కడ ఇంటింటా తోడేసిన పాల గిన్నెను కంప్యూటర్ పెట్టె వెచ్చదనం మీదే ఉంచుతారు. కొత్త పెట్టెను ఇంట్లోనే బిగించుకుందామని, ప్రాసెసర్ కోసం కూతురు హరితను వెంటబెట్టుకుని నర్సీపట్నం దుకాణానికి వచ్చింది.

దుకాణంలో నడిపి చూపిస్తున్న పెట్టెలన్నిటి మీదా, తోడుపాల వేడి చూసినట్టు, చిటికెన వేలు ఆనించి చూసింది. పాతరకం ప్రాసెసర్ ఉన్నది ఒక్కటే గోరువెచ్చగా తగిలింది.

"ఇదియ్యి బాబూ."

"అది నత్తలా నడుస్తాదమ్మా. ఈ కొత్తది చూడు, మామూలు పనులకి చల్లగా ఉంటాది," అన్నాడు దుకాణదారు.

హరిత కొత్తదాని వైపే చూస్తోంది. కొండ మీది తోటల్లో ఏ రోజు ఎక్కడ మంచు గడ్డకడుతుందో ముందే కంప్యూటర్‌లో లెక్కగట్టాలని ఆ పిల్ల ఏడాదిగా తంటాలు పడుతోంది. పాతరకంతో అది తేలే పని కాదు. కూతురి మొహం చూసి నూకరత్నం కొత్తదే కొంది. పెరుగు లేకపోతే చారుతోనే తింటాం, అనుకుంది.

ఆ సాయంత్రం పెట్టె బిగించాక హరిత తనే పాల గిన్నె తెచ్చి దాని మీద పెట్టింది.

"చల్లటిదాని మీద ఏటి తోడుకుంటాదే?" అంది తల్లి.

"మామూలు పనులకే చల్లగా ఉంటాదన్నాడు కదమ్మా. కొండంతా ఒకేసారి లెక్కగట్టమన్నాను."

తెల్లారేసరికి ఏ తోటకు మంచు ముప్పో తేలింది. గిన్నెలో గడ్డపెరుగు తోడుకుంది.

ఇప్పుడు రోజూ పాలు కాచాక నూకరత్నం వంటింట్లోంచి కేకేస్తుంది: "పాపా, ఇయాళ లెక్క గట్టిదేనా? తోడెయ్యనా?"